డెఫినెట్‌గా వస్తనన్న మాట

చెల్లె లచ్చమ్మకు మీ అన్న రాసేది. నా రాత కోడి గెలికినట్లుంటది, తప్పులు గిట్ల మస్తుంటయి, ఏమనుకోకు. ఊరి బడిల నేర్సింది గంతే. నువ్వు, బావ, పిల్లలు మంచిగున్నరా? బావ మోకాలినొప్పి తగ్గిందా? మేం మంచిగనే ఉన్నం, ఫికర్ చెయ్యకు.

మొన్న ఫోన్ల నువ్వు "అన్నా, ఈసారన్న ఒడిబియ్యం పోయనీకి వస్తవా? పుట్టింటోళ్లు లేరా అని నా తోటికోడలు దెప్పుతున్నది" అన్నవ్. నేను "డెఫినెట్‌గా వస్త" అన్న. నువ్వు సంబురపడి పెట్టేసినవ్. అప్పటిసంది నాకు గుబులే. ఈ పట్నంల అందరు గా డెఫినెట్ మాట అంటుంటే నా నోటికీ వచ్చింది. ఫోన్ల నాకు సరిగ మాట్లాడరాదు, అందుకే రాస్తున్న.

ఆ మాటకు అర్థమేందో నాకు తెలుస్తలేదు. పురానాపూల్ కాడ మా ఇంటి ఓనర్ నల్లా డెఫినెట్‌గా బాగుచేపిస్త అన్నడు. ఇంకా కారుతనే ఉన్నది. అఫ్జల్‌గంజ్‌ల మా తాళ్ల దుకాణం సేట్‌ను సెలవడిగితే "డెఫినెట్లీ బాపూ, డెఫినెట్లీ" అన్నడు. ఏ దినమో చెప్పలే. మళ్ల అడగాల్నంటే నాకు సిగ్గు.

నాతోని మూటలు కట్టే ఖాదర్ భాయ్‌ని అడిగిన. "తప్పకుండ అని అర్థం బాపూ" అన్నడు.

"అయితే సేట్ తప్పకుండ ఇస్తడా?"

నవ్విండు. "సేట్ నోట్లె అయితే షాయద్. ఇస్తే ఇస్తడు, లేకుంటే లేదు."

"మరి నేనంటే?"

"అది నీ చెల్లెనడుగు."

ఆ దినం అన్నం దిగలే. ఇక్కడి సన్నబియ్యం తింటే ఎట్లాగూ కడుపు నిండినట్లుండది. మీ వదిన కోపానికొచ్చింది. "ఆడిబిడ్డ తొవ్వ చూస్తుంటది, నువ్వు మాటకు అర్థాలు అడుక్కుంట తిరుగు! పోయి సేట్‌నే అడుగు. కొడ్తడా?"

తెల్లారి అడిగిన. "సేట్ సాబ్, ఏ దినం పోవాలె?" సేట్ గోడ మీది క్యాలెండర్ చూసిండు. "వచ్చే నెల మొదటి గురువారం పొద్దూకినంక పో. శుక్రవారం దుకాణం బందే. శనివారం వచ్చెయ్" అన్నడు. గా మాట అనలే. అందుకే నమ్మిన.

కానీ చెల్లె, శుక్రవారం ఒడిబియ్యం పోస్తరా, పొయ్యరా? మీ వదిన ఒకసారి పోస్తరంటది, ఒకసారి వద్దంటది. మీ ఊరి గుడి అయ్యగారిని అడుగు. వద్దంటే సేట్‌ను ఇంకో దినం అడుగుత. ఇన్ని జొన్నలు గూడ తీసిపెట్టు, రొట్టె మీద పానం కొట్టుకుంటున్నది.

మీ అత్తమ్మకు దండాలు చెప్పు. పిల్లలు సల్లగుండాలె. నీ తోటికోడలికి నేను ఫోన్ల అన్నది చెప్పకు. మా అన్న వస్తడు అని చెప్పు, అంతే.

దినం ఖాయం చేసి జల్ది జవాబు రాయి.

మీ అన్న
రాజయ్య