తిమింగలాలు చూడటానికి

భవానీపురం,
ఆదివారం.

చిరంజీవి భానుచందర్‌కు మీ అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా బాగున్నాం. నీ ఉత్తరంలో ఉన్న కోపం చూస్తే నువ్వూ ఆరోగ్యంగానే ఉన్నావని అర్థమైంది.

వారం నుంచి ఇక్కడ పొద్దుటి పూట మంచు బాగా పడుతోంది. కృష్ణ అవతలి గట్టు కనిపించడం లేదు. బందరు నుంచి చేపల వ్యాను ఆలస్యంగా వస్తోంది, దానితో బేరాలూ ఆలస్యమే. ఈ రోజు ఆదివారం కాబట్టి వ్యాను వచ్చేసరికే జనం నిలబడి ఉన్నారు. వంజరం కొంచెమే వచ్చింది, వెంటనే అయిపోయింది. సొర ఒకటి మిగిలితే మధ్యాహ్నం దాకా కూర్చుని ముక్కలు కోసి అమ్మాను. ఇంటికి వచ్చి, స్నానం చేసి, అన్నం తిని ఈ కాయితం ముందు కూర్చున్నాను. చేతుల వాసన ఇంకా పోలేదు. కాయితానికీ అంటుతుంది. నీకది కొత్త కాదు.

ఫోను ఎందుకు ఎత్తడం లేదని అడిగావు. ఎత్తితే నువ్వు అరుస్తావు, నేను వింటాను. నేను నోరు తెరిచేసరికి సిగ్నల్ లేదంటావు. నువ్వు వేటకెళ్ళే మంగళూరు హార్బరులో సిగ్నల్ నీ మాటలకి ఉండి నా మాటలకి లేకపోవడం ఏమిటో నాకు తెలియదు. అందుకే ఎత్తడం మానేశాను. చివరికి నువ్వే ఉత్తరం రాశావు. బడి మానేశాక నువ్వు ఇంత రాయడం ఇదే మొదటిసారి. అక్షరాలు బాగానే ఉన్నాయి. ఉత్తరమైతే నేను చెప్పేది పూర్తయ్యేదాకా నువ్వు అడ్డం రాలేవు.

మోకాలు పరవాలేదు. గంప నెత్తిన పెట్టుకోవడం మానేసి ఆటోలో తెచ్చుకుంటున్నాను. నేను లేనప్పుడు బల్ల దగ్గర పేరమ్మ కూర్చుంటుంది. దాని బేరం నాకంటే గట్టిది, అది నువ్వు బాధపడాల్సిన విషయం కాదు. శ్రీలంక వెళ్తున్నానంటే అక్కడ ఏం తింటావని అడిగావు. అక్కడా అన్నమూ చేపల కూరేనట, కొబ్బరి మాత్రం మనకంటే ఎక్కువ వేస్తారట. తోడెవరని అడిగావు. నా పక్క బల్ల అమలమ్మ, ఆమె కోడలు శ్రీదుర్గ. శ్రీదుర్గ పటమటలో టూర్ల ఆఫీసులో పని చేస్తుంది, ఇంతకు ముందు కూడా జనాన్ని అక్కడికి తీసుకెళ్ళి తీసుకొచ్చింది. మగవాళ్ళు ఉన్నారా అని కూడా అడిగావు. రిటైరైన మాస్టార్లు ఇద్దరు భార్యలతో వస్తున్నారు. వాళ్ళ తోడు నాకు అక్కర్లేదు, నా తోడు వాళ్ళకి అక్కర్లేదు.

అసలు ఈ ఆలోచన ఎలా వచ్చిందంటే, పోయినేడు మార్కెట్ ఆడవాళ్ళమంతా బస్సు మాట్లాడుకుని రామేశ్వరం వెళ్ళాం కదా. గుళ్ళో తీర్థాల దగ్గర తడిసి తడిసి నాకు జలుబు చేసింది, అది నీకు చెప్పాను. ధనుష్కోటి సంగతి చెప్పలేదు. అక్కడ నేల అయిపోతుంది. రోడ్డు ఇసుకలోకి వెళ్ళి ఆగిపోతుంది. ఆ చివర ఒకామె ఎండుచేపలు అమ్ముతోంది. నాకు అరవం రాదు, ఆమెకి తెలుగు రాదు. నేను ఒక చేప తీసి వాసన చూసి ముఖం చిట్లించాను. ఆమె నవ్వి, బల్ల కింద నుంచి మంచివి తీసింది. తన దగ్గర కూడా పై వరస యాత్రికులకీ, కింది వరస తెలిసినవాళ్ళకీ. ఆమే చెయ్యి చాపి నీళ్ళవైపు చూపించి "లంక" అంది. నాకు నీళ్ళు తప్ప ఏమీ కనపడలేదు. అమలమ్మ వెంటనే అంది, "ఏమే వెంకటరావమ్మా, ఇంతదూరం వచ్చి వాళ్ళ గుమ్మంలోంచి తిరిగెళ్ళిపోతామా?" అందరం నవ్వుకుని బస్సెక్కాం. అమలమ్మ మర్చిపోయింది. నేను మర్చిపోలేదు.

కాశీ వెళ్ళమని రాశావు. కాశీకైతే టిక్కెట్లు నువ్వే తీస్తానన్నావు. కాశీలో పడవెక్కి గంగ మీద తిరుగుతారని మన వీధిలో వెళ్ళొచ్చినవాళ్ళంతా ఫొటోలు చూపిస్తున్నారు. అది పడవ కాదా? ఆడది పడవెక్కితే నది మీదైతే పుణ్యమూ, సముద్రం మీదైతే అరిష్టమూనా?

"చేపలమ్ముకునేదానివి, డబ్బులిచ్చి చేపలు చూడటానికి వెళ్తావా" అని ఎగతాళి చేశావు. తిమింగలం చేప కాదట, పిల్లకి పాలిస్తుందట. శ్రీదుర్గ చెప్పింది. చేపైనా కాకపోయినా నేను ఇన్నేళ్ళుగా చూసినవన్నీ చచ్చినవే. మొప్పలెత్తి ఎరుపు చూసి బేరమాడినవే. ఒక్కసారి బతికున్నదాన్ని అది బతికే చోట చూడాలనుంది. దక్షిణాన మిరిస్సా అనే ఊరి నుంచి పొద్దున్నే పడవలో లోపలికి తీసుకెళ్తారు. ఒడ్డు కనపడనంత దూరం వెళ్తారా అని నేను ముందే అడిగాను. వెళ్తారట.

ఇక మీ చిన్నాన్న సంగతి. నువ్వు ఫోన్ చేసి చెప్పినట్టున్నావు, మొన్న శుక్రవారం జక్కయ్యా, మీ పిన్నీ గిలకలదిండి నుంచి వచ్చారు. జక్కయ్య కుర్చీలో కూర్చోకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. అది పోట్లాటకి వచ్చినప్పటి పద్ధతి.

"వదినా, నువ్వు యాడికన్నా పో, నేను కాదన్లా. పడవ మాత్రం ఎక్కమాక. మన ఇళ్ళల్లో ఆడది సముద్రం మీదకి పోయిందా ఎప్పుడన్నా?"

"పోలేదు కాబట్టే పోతున్నా."

"నువ్వు పడవెక్కిన రోజు నా పడవ కదల్దు. అంతే."

"కదలకపోతే కట్టేసుకో."

"దాని మీద ఎన్ని కుటుంబాలు బతుకుతున్నయ్యో తెలుసా నీకు? ఆళ్ళ పూట పోతది."

"తెలుసు జక్కయ్యా. కట్టేసేది నువ్వు, నేను కాదు. ఆళ్ళొచ్చి అడిగితే ఆ మాటే చెప్పు."

మీ పిన్ని వంటగదిలో ఉల్లిపాయలు కోస్తోంది. అక్కడి నుంచే అంది, "అక్క ఆడ పడవెక్కితే ఈడ మీ లంగరు తెగుద్దా ఏంటండీ?"

"నువ్వూరుకో గంగా, నిన్నెవరడిగారు?"

"ఎవరూ అడగరనే చెప్తన్నా."

జక్కయ్య చెడ్డవాడు కాదు. మీ నాన్న పోయాక నాకు చేప పంపడం ఒక్క రోజు కూడా మానలేదు. కానీ కొత్త పడవ నీళ్ళలోకి దించిన రోజు, నేను ఎదురు రాకూడదని నన్ను ఇంట్లో కూర్చోమన్నవాడూ ఆయనే. కూర్చున్నాను. పులిహోర మాత్రం నేనే కలిపి పంపాను, అందరూ బాగుందని తిన్నారు. విధవరాలు కలిపిన పులిహోరకి లేని దోషం ఆమె ముఖానికి ఎలా వచ్చిందో ఆ రోజు అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

వెళ్ళేటప్పుడు జక్కయ్య ఒక మాట అన్నాడు. "అన్నయ్య ఉంటే ఒప్పుకునేవాడా వదినా?" నేను బదులు చెప్పలేదు. నా దగ్గర మాట లేదనుకుని దిగి వెళ్ళిపోయాడు. మీ పిన్ని ఇక్కడే ఆగింది. నా దగ్గర మాట ఉంది. అది ముందు నీకు చెప్పాలని ఊరుకున్నాను.

భానూ, మీ నాన్న ఒప్పుకోవడం కాదు. ఆయనే నన్ను సముద్రం మీదికి తీసుకెళ్ళాడు.

మాఘ పౌర్ణమి మర్నాడు. ముందు రోజు అందరూ హంసలదీవి స్నానాలకి వెళ్ళొచ్చి అలిసిపోయి పడుకున్నారు. గిలకలదిండి రేవులో మనిషి లేడు. మీ నాన్న ఆటోనగర్‌లో బాగుచేయించిన ఇంజను బిగించుకుంటున్నాడు. నేను అన్నం క్యారేజీ తీసుకెళ్ళాను. "ఎక్కు" అన్నాడు. "ఎక్కడికి?" అన్నాను. "ఇంజను చూడాలి. అన్నం చల్లారిపోతది, ఎక్కు" అన్నాడు. నేను అటూ ఇటూ చూశాను. మళ్ళీ అడిగితే వద్దంటాడేమోనని ఎక్కేశాను.

నీళ్ళు సముద్రంలో కలిసే మొగ దగ్గర అలలకి వాంతి చేసుకున్నాను. ఆయన నవ్వాడు. తర్వాత సరుగుడు తోటలు సన్నబడి గీతలా అయ్యాయి, ఆ గీత కూడా పోయింది. ఇంజను ఆపేశాడు. చప్పుడు లేదు. "ఇదిగో, నేను పనిచేసే చోటు" అన్నాడు. చుట్టూ చూశాను, ఏమీ లేదు. "ఇక్కడేముంది?" అన్నాను. "ఏమీ లేదు. అందుకే చూపిచ్చా" అన్నాడు. ఇద్దరం క్యారేజీ విప్పుకుని అన్నం తిన్నాం. తింటూ తింటూ, "ఒక్కోసారి నాకు భయమేస్తదే. ఎవరికీ చెప్పమాక" అన్నాడు. నేను చెప్పలేదు. అప్పుడు మీ నానమ్మ బతికే ఉంది. నేను పడవెక్కానని తెలిస్తే ఆ ఊళ్ళో ఎవరికి జ్వరం వచ్చినా నా పేరే చెప్పేవాళ్ళు.

తిరిగొచ్చేటప్పుడు వల వేశాడు. కానగంతలు పడ్డాయి. వాటిని మర్నాడు నేనే అమ్మాను. కొన్నవాళ్ళెవరికీ కడుపు నొప్పి రాలేదు.

ఇంకొకటి. ఆ రోజు పడవలో ఇద్దరమే కాదు, నువ్వూ ఉన్నావు. నాకు అయిదో నెల. నేను సముద్రం మీద ఉంటే నీకు ప్రమాదమని రాశావు. నేను సముద్రం మీద ఉన్నప్పుడు నువ్వు నా కడుపులో ఉన్నావు. పుట్టినప్పుడు నిన్ను ఎత్తుకోలేకపోయానని మంత్రసాని ఆదెమ్మ చచ్చేదాకా చెప్పేది, అంత బరువున్నావు.

మీ నాన్న ఆ తర్వాత చాలా ఏళ్ళు అదే పడవ మీద వేటాడాడు. పోయింది సముద్రంలో కాదు, ఆసుపత్రి మంచం మీద, కామెర్లతో. ఆ రోజుల్లో నాకూ ఒకసారి, నేను పడవెక్కడం వల్లేనేమోనన్న పాడు ఆలోచన వచ్చింది, లేదనను. ఆయన తాగిన సారా గుర్తొచ్చి పోయింది. కామెర్లు ఆడది పడవెక్కడం వల్ల రావు.

"నాకేమైనా అయితే ఎవరిది బాధ్యత" అని రాశావు. నీకేమైనా అవుతుందని నాకు భయం లేదని కాదు. నువ్వు వేటకి వెళ్ళిన ప్రతిసారీ భయమే. ఇంట్లో కూర్చున్నా భయమే. పడవ కదిలిన పూట తల దువ్వుకోకుండా, గుమ్మం దాటకుండా మన ఆడవాళ్ళు చేసేవన్నీ చేశాను. ఒక్కసారి కూడా ఆ భయం తగ్గలేదు. తగ్గని పని ఎందుకు చేయాలి? నువ్వు లైఫ్ జాకెట్ వేసుకో. అది మీ అమ్మ నేల మీద ఉందో నీళ్ళ మీద ఉందో చూసి పని చేయదు.

రేపు పొద్దున పినాకిని రైలుకి వెళ్తున్నాం. చెన్నై నుంచి విమానం. గురువారం పొద్దున పడవ. నీకు తేదీ కావాలనే చెప్పలేదు. చెబితే ఎవరో ఒకరిని స్టేషనుకి పంపేవాడివి. బట్టలు సర్దేశాను. నా తెల్లచీర పెట్టలేదు, నీలంది పెట్టుకున్నాను. ఉప్పుచేప కొంచెం పొట్లం కట్టాను గానీ విమానంలో రానివ్వరని శ్రీదుర్గ తీసేసింది.

ఈ ఉత్తరం మీ పిన్నికి ఇస్తున్నాను, పోస్టు చేయమని. కవరు అంటించడం లేదు. చదవమనీ, ఇష్టమైతే జక్కయ్యకి వినిపించమనీ చెప్పాను. తిరిగి వచ్చాక ఫోను ఎత్తుతాను. అరవాలనుంటే అప్పుడు అరుద్దువుగానీ, తిమింగలం కనపడిందో లేదో మాత్రం ముందు అడుగు.

ఇట్లు,
నిన్ను అడగకుండా వెళ్తున్న మీ అమ్మ,
వెంకటరావమ్మ.

భానూ, నేను గంగాదేవి పిన్నిని. ఉత్తరం పోస్టు చేయడం ఆలస్యమైంది. మంగళవారం గిలకలదిండి వచ్చాక మీ చిన్నాన్నకి మొత్తం చదివి వినిపించాను. అక్కా, అమలమ్మా, శ్రీదుర్గా సోమవారం పొద్దున పినాకినిలో వెళ్ళారు. ఇవాళ గురువారం, అక్క పడవెక్కే రోజు. తెల్లారకముందే మన పడవ వేటకి వెళ్ళింది. మా అబ్బాయి దుర్గాప్రసాద్ తీసుకెళ్ళాడు. మీ చిన్నాన్న వెళ్ళలేదు.