పెత్రమాస దాకా ఒక్కటే బీరు

సెప్టెంబర్ 8, ఆదివారం. సాయంత్రం 6

గురువారం తుర్కయాంజాల్ బిల్డరు నన్ను సిటీకి తీసుకుపోయాడు. వాళ్ల అపార్ట్‌మెంట్ బోరు మోటారు వైండింగ్ చేసి ఇచ్చాను, అందుకు దావత్. బీరు అక్కడికక్కడే తయారు చేసే హోటల్ అది. గోధుమ బీరట. పొడుగు గ్లాసు, మబ్బు రంగు, పైన రెండు వేళ్ల నురగ.

నలభై నాలుగేళ్లకు తెలిసింది, ఇన్నాళ్లూ నేను తాగింది బీరు కాదని.

నిర్ణయం:
1. వారానికి ఒక్కటి. ఆదివారం మాత్రమే. మంచిది మాత్రమే.
2. గ్లాసులో పోసుకుని తాగాలి. రంగు, వాసన, రుచి రాయాలి.
3. పక్కషాపు పరశురాం ఎంత పిలిచినా వైన్స్ పక్కన పర్మిట్ రూముకు పోకూడదు.

రుచి కోసం మాత్రమే అయితే ఇంత పట్టుదల ఉండేది కాదు. జనవరిలో మామ వీరస్వామి పోయాడు. పదో రోజు పిట్టకు, అంటే కాకికి, పెట్టేటప్పుడు ఆయన తాగే బీరు తెమ్మని నాకు చెప్పారు. దారిలో మూత తీసి ఒక గుక్క తాగి మళ్లీ నొక్కాను. రెండు గుక్కలు. బావమరిది నగేష్ మూత చూసి కనిపెట్టాడు. ఆ రోజు పిట్ట సాయంత్రం దాకా ముట్టలేదు. అది ముట్టందే అత్త యశోదమ్మ ముద్ద ముట్టదు. అప్పటి నుంచి ఆమె నాతో మాట్లాడదు. నేను ఎదురుగా కూర్చున్నా సరే, ఏ మాటైనా నా భార్య స్వప్నతో చెప్పిస్తుంది.

అక్టోబర్ 2న మామకు మొదటి పెత్రమాస, పెద్దలకు పెట్టే అమావాస్య. బీరు తెచ్చే పని మళ్లీ నాకే ఇప్పించమని స్వప్నను అడిగాను.

"ఈ నెల మనిషి లెక్క ఉండు. జూద్దాం" అంది.

ఉంటాను.

సెప్టెంబర్ 15, ఆదివారం. సాయంత్రం 5:30

ఎల్బీనగర్ దాటి ఏసీ ఉన్న షాపులో కొన్నాను. షేర్ ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను.

రంగు: పసుపు, మబ్బుగా.
వాసన: వార్నిష్.

అది నా చేతులది. సబ్బుతో కడుక్కుని మళ్లీ చూశాను.

వాసన: సబ్బు.
రుచి: బాగుంది. చాలా బాగుంది. ఇంకేం రాయాలో తెలియలేదు.

గ్లాసు వెలుతురుకు పట్టి స్వప్నకు చూపించాను.

"నాకెందుకు జూపిస్తున్నవ్? తాగుతె తాగు. మూత్రం పరీక్షకిచ్చినట్లు గట్ల పట్టుకోకు."

ఒక్కటే తాగాను. చాలా తేలిక.

సెప్టెంబర్ 18, బుధవారం

షట్టర్ దించుతుంటే పరశురాం వచ్చాడు. నా షాపు పక్కనే అతనిది పైపుల షాపు.

"పా అన్న. రెండు కొట్టొద్దాం."

"నేను మానేసిన. నువ్వు తాగేది బీరు గాదు పరశురాం, బోరు నీళ్లు."

జరసేపు నన్నే చూశాడు. "ఇరవై ఏండ్ల సంది గా నీళ్లే తాగినవ్ గదనే నాతోని" అని ఒక్కడే పోయాడు.

మనసుకు కొంచెం కష్టమైంది. కానీ రుచి తెలిసిన మనిషికి ఇలాంటివి తప్పవు.

సెప్టెంబర్ 22, ఆదివారం

రెండు తాగాను. ఇది నియమం తప్పడం కాదు. ఒకదాని పక్కన ఇంకొకటి పెట్టి చూడకపోతే రుచి ఎలా తెలుస్తుంది? పోల్చడం తాగడం కిందికి రాదు.

రెండోది నల్ల బీరు. రంగు: పాత గ్రీజు. వాసన: కాలిపోయిన వైండింగ్. రుచి: అదే. నాకు బాగా నచ్చింది. వృత్తి వల్ల కావచ్చు.

సెప్టెంబర్ 25, బుధవారం

ఒకటి తాగాను. వచ్చే ఆదివారానిది.

సెప్టెంబర్ 29, ఆదివారం

ఈ ఆదివారానిది బుధవారమే తాగేశాను కాబట్టి ఈ రోజు తాగకూడదు. అందుకని అక్టోబర్ 6 ఆదివారానిది తాగాను. 13వ తేదీది కూడా. లెక్క తప్పలేదు, ముందుకు జరిగింది.

నెలంతా స్వప్న నేను పర్మిట్ రూముకు పోతున్నానా అనే చూసింది. నేను పోలేదు. అందుకే ఈ రోజు చెప్పింది:

"అమ్మ ఒప్పుకున్నది. బీరు నువ్వే తే. బాపు తాగేదే, ఎర్ర లేబుల్ది. మూత ముట్టకు. ఈసారి గూడ అమ్మ పస్తులుంటె నేను గూడ నీతోని మాట్లాడ."

అత్త ఒప్పుకుంది. ఎనిమిది నెలల తర్వాత.

అక్టోబర్ 1, మంగళవారం. సాయంత్రం 7

రేపు గాంధీ జయంతి. పెత్రమాస కూడా రేపే. వైన్స్ బంద్, మటన్ షాపులు బంద్. అందుకే ఈ రోజు ఊరంతా వైన్స్ ముందు లైనులో ఉంది. పరశురాం ఒక పెట్టె నెత్తిన పెట్టుకుని వెళ్తున్నాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు.

నేనూ లైనులో నిలబడ్డాను. నా ముందు పదిహేను మంది. నిలబడి ఆలోచించాను.

మామ ముప్పై ఏళ్లు ఒకటే రకం తాగాడు. ఆయనకు మంచిది తాగే అవకాశమే రాలేదు. ఇప్పుడు కూడా నేను బోరు నీళ్లే పెట్టాలా? ఇంకో సంగతి. మంచిది టిన్నులో వస్తుంది. టిన్ను ఒకసారి లాగి తీస్తే మళ్లీ మూయలేం. అంటే నగేష్ నన్ను అనుమానించడానికి దారే లేదు.

లైను వదిలి ఎల్బీనగర్ ఆటో ఎక్కాను. గోధుమ బీరు. నారింజ తొక్క, ధనియాలు వేసినది. షాపులో అన్నిటికంటే మంచిది అదేనన్నారు.

అక్టోబర్ 2, బుధవారం. పెత్రమాస

ఉదయం 10:00. అత్తగారింటికి వచ్చాం. ఊళ్లోనే, బస్టాండ్ అవతల. ఇంట్లో పెంచిన కోడినే కోశారు. టిన్ను నగేష్ చేతికి ఇచ్చాను. తిప్పి తిప్పి చూశాడు. ఓపెన్ చేయలేదని ఒప్పుకున్నాడు.

11:15. స్లాబు మీద విస్తరి పెట్టారు. అన్నం, కోడికూర, గారెలు, బీడీ కట్ట, స్టీలు గ్లాసులో బీరు.

11:40. కాకి వచ్చింది. పిట్టగోడ మీద కూర్చుంది. చూసింది. వెళ్లిపోయింది.

12:10. ఇంకో కాకి. అదీ అంతే. అత్త బీపీ గోళీ చేతిలో పెట్టుకుని కూర్చుంది. తినకుండా వేసుకోవద్దన్నారు డాక్టరు.

12:30. నగేష్ గ్లాసు వాసన చూశాడు.

"ఇదేంది బావ, సంత్ర తొక్క వాసనొస్తున్నది?"

చెప్పాను. గోధుమలు, నారింజ తొక్క, ధనియాలు.

"ధనియాలా? బీరు తెచ్చినవా, చారు తెచ్చినవా?"

స్వప్న నన్ను చూసింది. ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

అత్త నా ముందే కూతురితో అంది: "మీ ఆయనకు జెప్పు. గా మనిషి ముప్పై ఏండ్లు ఒకటే తాగిండు. కొత్తది వెడితె ఎవలకో పెట్టిన్రనుకోని మర్లిపోడా?"

12:45. బయల్దేరాను. వైన్స్ బంద్. బెల్టు షాపుల్లో రాత్రే అయిపోయిందట. ఊళ్లో పెట్టె నిండా ఎర్ర లేబుల్ ఉన్న ఇల్లు ఒక్కటే నాకు తెలుసు.

1:05. పరశురాం వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ముందు సీసా.

"ఒకటియ్యి పరశురాం. మా మామకు."

"మీ మామ బోరు నీళ్లు తాగుతడా?"

"తప్పయింది."

"అత్త తినలేదా?"

"లేదు."

"ఇస్త. కూసో. ఒక్కటి నాతోని తాగినంకనే."

"ఆలస్యమైతది."

"గందుకే జల్ది తాగు."

గ్లాసు లేదు. సీసాతోనే తాగాను. రంగు చూడలేదు. వాసన చూడలేదు. చాలా రోజుల తర్వాత ఏమీ రాయక్కర్లేకుండా తాగాను. రెండోది తాగమని అతను అనలేదు, నేనే తీసుకున్నాను. అది డైరీలో దాచడం ఎందుకు.

2:20. సీసాతో తిరిగి వచ్చాను. మూత నగేష్‌తోనే తీయించాను. నా నోటి వాసనకు మొహం తిప్పుకుని తీశాడు.

2:35. కాకి వచ్చింది. కోడి ఎముక తన్నుకుపోయింది. బీరు ముట్టిందో లేదో నేను చూడలేదు. ముక్కు పెట్టిందని నగేష్ అన్నాడు. అందరూ అవ్ అన్నారు. నేను కూడా అన్నాను.

2:40. అత్త తింది. గోళీ వేసుకుంది.

సీసాలో మిగిలింది నేను, నగేష్ పంచుకున్నాం. ఆడవాళ్లు సర్దుతున్నారు. గోధుమ బీరును పారబోయబోతే అత్త స్వప్న చేతిలోంచి గ్లాసు తీసుకుంది.

"పైసలు పెట్టి తెచ్చిన్రు. మొక్కల్ల పోస్తరా?"

గోడ వైపు తిరిగి తాగింది. కొంగుతో మూతి తుడుచుకుంది. గ్లాసు కడిగి బోర్లించింది.

ఇంటికి వస్తుంటే స్వప్న నాకంటే పది అడుగులు ముందు నడిచింది.

అక్టోబర్ 4, శుక్రవారం

స్వప్న ఇంకా మాట్లాడటం లేదు. ఇప్పుడు నాతో మాట్లాడని వాళ్లు ఇద్దరు. పరశురాం మాత్రం మాట్లాడుతున్నాడు, చాలా ఎక్కువ. నిన్న పర్మిట్ రూముకు పోయాను. ఈ రోజు కూడా. నియమం ఎలాగూ పోయింది. తెగిన తీగకు వార్నిష్ పూసి లాభం లేదు.

అక్టోబర్ 5, శనివారం. ఉదయం 11

షాపులో ఒక మోటారు స్టేటర్ విప్పుతున్నాను. అత్త వచ్చింది. ఒక్కతే. స్టూలు మీద కూర్చుంది. స్వప్న ఇంట్లో ఉందని చెప్పాను. ఆమె కదలలేదు.

"అల్లుడా."

చేతిలో స్క్రూ కింద పడింది.

"రేపు ఆదివారమే గద. నువ్వు దెచ్చిన గా ధనియాలది, మళ్ల దొరుకుతదా?"

"దొరుకుతది అత్తమ్మ."

"పొద్దుగాల్ల చెట్టు మీదికెల్లి దించిన కల్లు లెక్కున్నది. జర తే. నగేష్‌కు జెప్పకు."

అక్టోబర్ 6, ఆదివారం. సాయంత్రం 5

మళ్లీ మొదలు. ఈ రోజు నుంచి వారానికి ఒక్కటే టిన్ను, ఇద్దరికీ కలిపి. మామూలు బీరు బంద్. స్వప్నకు చెప్పాను. "అమ్మ కోసమంటున్నవ్ గాబట్టి ఊకుంటున్న" అంది. మాట్లాడింది.

అత్త ఇంటి వెనక, రెండు స్టీలు గ్లాసులు. సగం సగం పోశాను. రుచి ఎలా ఉందో చెప్పమని, రాసుకుంటానని అన్నాను.

"మంచిగున్నది. ఏం రాస్తవ్ దాన్ని?"

గ్లాసు చేతిలో తిప్పుతూ అంది: "ముప్పై ఏండ్లు నా ముంగటనే తాగిండు మీ మామ. ఒక్కపారి గూడ తాగుతవా అని అడగలే."

ఆమె గ్లాసు ఖాళీ చేసి నా వైపు చాపింది.

"ఇంకోటి తెచ్చినవా?"

సంచిలో ఇంకొకటి ఉంది. తీశాను.

వారానికి ఒక్కటి అన్న నియమం వచ్చే ఆదివారం నుంచి.