ఆలంబీ పేరు మీద

జూన్ 3, సోమవారం

వరండాలో కూర్చుని పన్నెండు జతలు కుట్టాను. కాజీపల్లిలో ఎండ ఇంకా తగ్గలేదు. ఇవి ఫ్యాక్టరీ వర్కర్లు వేసుకునే సేఫ్టీ షూలు. బొటనవేలి దగ్గర మిషన్ కుట్టు పిగులుతుందని, ఆ అతుకు మీద మళ్లీ చేత్తో జంట కుట్టు వేయించుకుంటారు. ఆరెతో తోలుకు బెజ్జం పొడవాలి, మైనం దారం బిగించి లాగాలి. వేళ్లు కోసుకుపోతాయి.

ఈ పని నాకు నేర్పింది పక్కింటి ఆలంబీ ఆపా. తొమ్మిదేళ్లలో ఆమె కుట్టిన ఒక్క జత రిటర్న్ రాలేదు. నావి పోయిన నెల వచ్చాయి. ఇకమీదట ఎవరివి తిరిగొచ్చినా పని బంద్ అన్నాడు సూపర్‌వైజర్ మురళీమోహన్.

జూన్ 6

మా అమ్మాయి రమ్యశ్రీ టీసీ కోసం మూడు రోజులుగా బడి చుట్టూ తిరుగుతున్నాను. ఇవాళ కూడా సార్ లేడట. షూల సంచి మూతి విప్పలేదు. కుట్టినవి తీసుకుపోవడానికి రేపు కంపెనీ ఆటో వస్తుంది.

జూన్ 7, ఉదయం 11

పంపేశాను. జంట కుట్టు వేయాల్సిన చోట ఒంటి కుట్టే వేశాను. పైకి చూస్తే తెలియదు.

ఆలంబీకి తెలుగు రాయడం రాదు. ఇద్దరి సంచులకూ పేర్ల చిట్టీలు నేనే రాసి కడతాను. హడావిడిలో అవి అటూ ఇటూ అయ్యాయి. ఆటో పోయాక చూసుకున్నాను.

జూన్ 15

సంచి తిరిగొచ్చింది. ఆలంబీ పేరు మీద.

జూన్ 15, సాయంత్రం

మురళీమోహన్ ఆమె గడపలో నిలబడి ఒక షూ తీసి, దారాన్ని వేలితో లాగాడు. మొత్తం ఊడి వచ్చింది. ఇది నీ పనేనా అని అడిగాడు. ఆలంబీ ఆ షూను ఒళ్లో పెట్టుకుని అతుకు పొడుగునా బొటనవేలితో తడిమింది. చివరి ముడి దగ్గర ఆగింది. నేను చాయ్ గ్లాసులతో అక్కడే ఉన్నాను. నా వైపు చూడలేదు.

తనదేనంది.

అందరికీ ఒకటే రూల్ అన్నాడతను. ఆమె ఇంట్లో మిగిలిన తోళ్లన్నీ ఆటోలో వేయించాడు. పోతూ పోతూ, ఈసారి నీ కుట్టు బాగా కుదిరిందని నన్ను మెచ్చుకున్నాడు. నా పేరుతో పోయిన ఆ సంచిలోవి ఆమె కుట్టినవి.

జూన్ 16

చిట్టీలు అటూ ఇటూ కాలేదు. నేనే మార్చాను. ఈ నోట్‌బుక్ ఎవరూ చదవరు, అయినా మొదట అబద్ధమే రాశాను. తొమ్మిదేళ్లుగా చేస్తున్న మనిషిని ఒక్కసారికి ఏమీ అనరులే అనుకున్నాను. అది కూడా తర్వాత అల్లుకున్న మాటేమో. ఆ పొద్దున నా పని పోకూడదు, అంతే.

నర్సింగ్‌కు చెప్పాను. ఆమే ఒప్పుకుంది కదా, నువ్వెందుకు పరేషాన్ అవుతావని అన్నం కలుపుకున్నాడు. మా ఆయన మీద అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు. ఆ మాట వినాలనే చెప్పానని తర్వాత తెలిసింది.

జూన్ 18

ఆలంబీ ఇంటికి వెళ్లాను. బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చిట్టీ నేనే మార్చానని చెప్పాను. చేట పక్కన పెట్టలేదు.

"నీ ముడి నాకు ఎర్క లేదా సునందా? ముట్టుకోంగనే తెల్సింది."

మరి ఎందుకు చెప్పలేదన్నాను.

"నేర్పింది నేను. గా కుట్టు ఊడితే నాదే ఊడినట్టు."

తిట్టి ఉంటే ఏడ్చేదాన్ని. ఏడవడానికి కూడా చోటివ్వలేదు. జెర జరుగు, వెలుతురు పడ్తలేదంది. జరిగాను.

జూన్ 21

పటాన్‌చెరులో గోడౌన్‌కు వెళ్లి మురళీమోహన్‌కు అంతా చెప్పాను. బస్సులో వంద సార్లు అనుకున్న మాటలు రెండు నిమిషాల్లో అయిపోయాయి. అతను ఫోన్ చూసుకుంటూ విన్నాడు. ఆమె పేరు కొట్టేసి పైకి పంపడం అయిపోయిందట, మళ్లీ ఎక్కించరట. ఎవరు కుట్టినా కంపెనీకి ఒకటేనట. నన్ను కూడా తీసేయమన్నాను. మనిషి దొరకడం కష్టంగా ఉంది, పోయి పని చూసుకో అన్నాడు.

గేటు దాటాక గుండె తేలికైంది. నా పని పోలేదని. ఆ తేలికను చెప్పుతో కొట్టాలి.

జూన్ 24

ఆలంబీ వంతు సంచి కూడా మా వరండాలో దింపారు. వద్దనలేదు.

జూలై 9

ఆలంబీ ఇప్పుడు మందుల ఫ్యాక్టరీలో డ్రమ్ములు కడగడానికి పోతోంది. పొద్దున షేర్ ఆటో దగ్గర ఎదురైంది. తిన్నవా అని అడిగింది. తిన్నానన్నాను.

తినలేదు.