మినిమమ్ ఎక్కడ పెట్టాలి

జులై 5. ఉరవకొండ బస్టాండు
పాప పుట్టి రెండు రోజులు. ఎనిమిది వారాలు ముందే వచ్చేసింది. పుట్టినప్పుడు 1420 గ్రాములు, ఇవాళ 1360. వనజ అనంతపురం ఆసుపత్రిలో ఉంది. పాప పక్క గదిలో గాజుపెట్టెలో, ముక్కులో పైపుతో. నన్ను రోజుకు ఒక్కసారే లోపలికి రానిస్తారు. రేపటి నుంచి గ్రామ సచివాలయంలో డ్యూటీ, విడపనకల్లు నుంచి ఎన్నిసార్లు రాగలను? నా చేతిలో ఏమీ లేదు. ల్యాప్‌టాప్ తెరిచి ఎక్సెల్‌లో తేదీ, బరువు అని రెండు కాలమ్‌లు పెట్టుకున్నాను.

జులై 9
1310.

జులై 13, మధ్యాహ్నం
నాలుగు రోజులుగా పెరుగుతోంది. 1345. మొదటి వారం ఇట్లాంటి పిల్లలు తగ్గుతారని నర్సు ఐజాక్ ముందే చెప్పాడట. వనజ ఆ మాట నాకు చెప్పలేదు. 1310 చూసి నేను సచివాలయం వెనక్కి పోయి ఏడ్చానని నేనూ ఆమెకు చెప్పలేదు.

ఆఫీసులో పింఛన్ల చార్టులు చేస్తావు కదా, పాపకూ ఒకటి చెయ్యమంది. పెరగడం మొదలైన తొమ్మిదో తారీఖు నుంచి గీత గీసి వాట్సాప్‌లో పంపాను. వెంటనే ఫోన్ చేసింది. "ఏమప్పా, చాపలాగా పరిచినావే గీత! ఇది పెరిగేదేనా?" అంది. దినానికి ఎనిమిదిసార్లు పాలు పిండి ఇస్తోంది. ఆ కష్టమంతా గీతలో ఎక్కడా లేదు.

జులై 13, సాయంత్రం
తప్పు యాక్సిస్‌ది, పక్కన నిలువునా ఉండే అంకెలది. సున్నా నుంచి 1600 దాకా ఎక్సెల్ దానంతటదే వేసుకుంది. అంత ఎత్తులో ముప్పై అయిదు గ్రాములు ఏం కనబడతాయి? ఫార్మాట్ యాక్సిస్‌లోకి పోయి మినిమమ్, అంటే అన్నిటికన్నా కింది అంకె, 1300 పెట్టాను. పది గ్రాములకొక అడ్డగీత. పక్కన 'Weight' అని ఉన్నది తీసేసి 'మన పాప' అని టైప్ చేశాను. గీత కొండలాగా లేచింది.

పంపాను. వాయిస్ మెసేజ్ వచ్చింది. అందులో మాటల్లేవు, నవ్వు మాత్రమే. పది రోజుల తర్వాత విన్నాను ఆ నవ్వు. మూడుసార్లు విన్నాను.

జులై 19
నిన్న 1420. పుట్టిన బరువుకు వచ్చేసింది. ఇవాళ 1395.

వనజ పొద్దున్నుంచి అన్నం ముట్టలేదని వాళ్లమ్మ వెంకటలక్ష్మమ్మత్త ఫోన్ చేసింది. పాలు కూడా సరిగా రావడం లేదట. సెలవు చెప్పి బస్సెక్కాను. వనజ నా ముఖం చూడలేదు, పొద్దున నేను పంపిన చార్టు ఫోన్‌లో చూపించింది. నేను పెట్టిన పది గ్రాముల గళ్లలో గీత రెండు గళ్లు దాటి కిందికి దూకి ఉంది.

ఐజాక్ ఫోన్ తీసుకుని చూశాడు. "ఏందన్నా ఇది? పాప తగ్గింది ఇరవై అయిదు గ్రాములు. నువ్వు గీసింది బావి" అన్నాడు. రోజూ పాలు పట్టినాక తూచేవాళ్లట, ఇవాళ పట్టకముందే తూచారట. అంతే. తప్పు గీత గీసినవాణ్నని నన్నే తిట్టాడు గానీ, పోతూ పోతూ వనజకు టీ తెచ్చిచ్చాడు.

వనజ అడిగింది, మొదటి చార్టు నిజమా, రెండోది నిజమా అని. రెండూ నిజమే అన్నాను. "నాకు నిజం వద్దప్పా, నిద్ర కావల్ల" అంది.

వరండా బెంచీ మీద కూర్చుని, ఆ టీ చెరి సగం తాగి, ఇద్దరమూ కలిసి కొత్త చార్టు చేశాము. మినిమమ్ 1000. అడ్డగీతలన్నీ తీసెయ్యమంది, తీసేశాను. వారానికొక నిలువు గీత ఉంచాము. డిశ్చార్జికి 1800 కావాలని డాక్టరమ్మ చెప్పిందని అక్కడొక పచ్చగీత వేశాను. "వద్దు, దాన్ని చూస్తాంటే రాని బస్సు కోసం నిలబడినట్లుండాది" అంది. అదీ పోయింది. కింద తేదీలు కూడా వద్దంది. వాటి బదులు తనే ఒక్కొక్కటి చెప్పింది, నేను కొట్టాను: 'కండ్లు తెరిచింది'. 'నా వేలు పట్టుకునింది'. 'నాయన టీ తాగినాడు'. చివరిది ఎందుకని అడిగితే, అప్పటికి నేను టీ తాగి నాలుగు రోజులైందని ఆమెకు తెలుసునట.

జులై 27
1545. పైపు తీసేశారు. చొక్కా విప్పి కూర్చోమని పాపను నా ఎద మీద పడుకోబెట్టారు. గంటసేపు. పిచ్చుక బరువు. ఊపిరి గట్టిగా తీసుకోవడానికి కూడా భయపడ్డాను.

చార్టు కింద ఇవాళ్టి లేబుల్ ఖాళీగా వదిలేశాను.

ఆగస్టు 4
1695. అత్తకు చదువు రాదు. చార్టు చూసి, గీత పైకి పోతే మంచిదా, కిందికి పోతే మంచిదా అని అడిగింది. పైకి అన్నాను. అయితే ఇంక దానికి దిష్టి తగలనియ్యొద్దని ఫోన్ మీద కొంగు కప్పింది.

ఆగస్టు 10
1810. డిశ్చార్జి. ఐజాక్ ఖాళీ ఫైలు అడిగి తీసుకున్నాడు, వార్డులో మిగతా తల్లులకు. మినిమమ్ వెయ్యి దగ్గరే ఉంచమన్నాడు. కింద లేబుళ్లు ఎవరివి వాళ్లే రాసుకుంటారన్నాడు. జీపులో వచ్చేటప్పుడు వనజ నిద్రపోయింది, ఉరవకొండ దాటినా లేవలేదు.

ఆగస్టు 14. విడపనకల్లు
పక్కింటి మారెక్క గోడ మీది నుంచి అడిగింది. "ఏమప్పా, మీ పాప గొంతేంది, ఉరవకొండ దాకా ఇనపడతాండాది!"

వనజ సిగ్గుపడింది. నేను పడలేదు.