అరలో అట్టముక్క

నా బంగారు అక్కకి,

బంగారు అని చేతికి అలవాటై రాశాను గానీ, నీమీద ఒళ్లు మండిపోతోంది నాకు.

పురపాలక ఆఫీసు నుంచి అధికారి వచ్చి వెళ్లాడు. మన గ్రంథాలయానికి ఎవరూ రావడం లేదని తేలితే, ఆ గదిని నీటి పైపులు దాచుకోవడానికి తీసేసుకుంటారట. నువ్వేమో ఫోన్లో, "ఆయన వచ్చేసరికి అరలు కళకళలాడాలే, ఒక్క పుస్తకం కూడా బయట ఉండకూడదు" అన్నావు. నువ్వు పెట్టిన గ్రంథాలయం, నీ మాట కాదనగలనా? కుట్టుమిషన్ మూసేసి గడపగడపకీ తిరిగాను. రొట్టెల దుకాణం ఆవిడ పిండి పొంగేదాకా నవల చదువుకుంటుంది కదా, సగంలో ఉండగా చేతిలోంచి లాక్కొచ్చాను. "ఆ పిల్ల బతుకుతుందో లేదో చెప్పైనా పట్టుకుపో" అంది. చెప్పకుండానే వచ్చేశాను.

నువ్వు పెట్టిన పద్ధతే మన కొంప ముంచింది. పుస్తకం తీసుకున్నవాళ్లు దాని చోట పేరు రాసిన అట్టముక్క పెట్టడం, తెచ్చిచ్చినప్పుడు పట్టుకుపోవడం, అంతే కదా మన లెక్క! పుస్తకాలన్నీ వచ్చేశాయి, అట్టముక్కలన్నీ పోయాయి. అధికారి అరల వెంట నడిచి, "ఒక్కటీ కదల్లేదు. చదివేవాళ్లే లేరన్నమాట" అన్నాడు. ఇల్లిల్లూ తిరిగి నేనే లాక్కొచ్చానని ఎలా చెప్పను? నాతో వంతులేసుకుని గది తెరిచే డ్రాయింగ్ మాస్టారు కాళ్లావేళ్లా పడితే శుక్రవారం మళ్లీ వస్తానన్నాడు.

ఊరంతా నన్నే తిడుతోంది. నీ పేరు మాత్రం బయటపెట్టలేదు. జీతం లేని చాకిరీ అని అందరూ అంటారు గానీ, నా వంతు రోజున ఆ గది తెరిచి కూర్చుంటేనే నాకు ఊపిరాడుతుంది. అది పోతుందేమోనని ఒకటే భయం. ఇంకో మాట. బావగారికి బదిలీ అయినప్పుడు నువ్వు పట్టుకుపోయిన పుస్తకం మాత్రం పంపలేదే! సొంత అక్కే తెచ్చివ్వలేదని ఎవరూ అనకూడదని నీ అట్టముక్క తీసి నేనే దాచాను. గది పోతే తాళంచెవి నీకే పోస్టు చేస్తాను. ఇక నాతో మాట్లాడకు.

నీ చెల్లి

అక్కా,

మళ్లీ నేనే మాట్లాడుతున్నాను, ఏం చేయను!

శుక్రవారం లోపు మళ్లీ ఇల్లిల్లూ తిరిగి, "తీసుకెళ్లండి తల్లీ" అని బతిమాలాను. రొట్టెల దుకాణం వైపు మాత్రం వెళ్లే ధైర్యం లేకపోయింది. అధికారి వచ్చేసరికి అరల్నిండా అట్టముక్కలే. ఆయన కరగలేదు. "పేర్లు రాసి పెట్టడం ఎంతసేపమ్మా? మొన్న నిండుగా, ఇవాళ ఖాళీగా! నాతో ఆటలా?" అంటూ తనే ఒక అట్టముక్క పైకి తీసి, "పదండి, వీళ్ల దగ్గరికి" అన్నాడు. చూద్దును కదా, రొట్టెల దుకాణం ఆవిడ పేరు! నేను లేనప్పుడు మాస్టారిని అడిగి తీసుకెళ్లిందట.

దుకాణంలో అడుగు పెట్టానో లేదో, పిండి చేతులతోనే లేచింది. "మళ్లీ వచ్చావా? ఈసారి ప్రాణం పోయినా ఇవ్వను. సగంలో లాక్కుపోతావా? నాకు నిద్రుందనుకున్నావా ఇన్నాళ్లూ? పైగా ఇవాళ తోడు కూడా తెచ్చుకున్నావు!" అని పుస్తకాన్ని చంకలో ఇరికించుకుంది. వీధంతా పోగయింది. "మా ఇంట్లోనూ ఇలాగే లాక్కుపోయింది" అని ఒకరు, "మాకైతే ఆఖరి పేజీలు కూడా చదవనివ్వలేదు" అని ఇంకొకరు. జన్మలో అన్ని తిట్లు తినలేదే నేను! తల వంచుకుని నిలబడ్డాను. అధికారి అందరి మాటలూ విన్నాడు. ఆ అట్టముక్క నా చేతిలో పెట్టి, "దీన్ని దాని చోట పెట్టేయండమ్మా. పైపులకి వేరే గది చూసుకుంటాం" అన్నాడు.

ఆయన అటు వెళ్లగానే దుకాణం మెట్ల మీద కూలబడి భోరున ఏడ్చేశాను. ఆవిడ గ్లాసుతో నీళ్లు తెచ్చిచ్చి, "ఊరుకో, ఆ పిల్ల బతికిందిలే" అంది.

నువ్వు పోస్టులో పంపిన పుస్తకం అందింది. తిరిగి నీకే పంపేస్తున్నాను. దాచిన నీ అట్టముక్కని మళ్లీ దాని చోటనే పెట్టాను. నువ్వే వచ్చి, నీ చేత్తో పుస్తకం పెట్టి, నీ అట్టముక్క తీసుకో.

నీతో మాట్లాడకుండా ఉండలేని
నీ చెల్లి