సింధు మెయిల్లో సింధు లేదు

జులై 8, మంగళవారం
మనవరాలు సింధు బొమ్మసంద్ర బస్సు దిగి, ముఖం వేలాడేసుకుని వచ్చింది. అక్కడి ఫ్యాక్టరీలో ఆరు నెలల ప్రొబేషన్ ఈ నెలతో ఆఖరు. ఏమేం చేశావో శుక్రవారంలోగా మెయిల్ పెట్టు, చూసి ఉద్యోగంలో ఉంచేదీ లేనిదీ చెప్తానన్నాడట మేనేజరు.
"ఇంగ్లిష్ టీచరును ఇంట్లో పెట్టుకుని భయమెందుకే?"
"నువ్వు రిటైరై యుగమైందిలే అవ్వా."
నోరు మాత్రం నాదే వచ్చింది.

జులై 9
మెయిల్ చూపించింది. నమస్కారం, కృతజ్ఞత, మళ్లీ కృతజ్ఞత... పెళ్లిపత్రికలో కూడా ఇంత మర్యాద ఉండదు. అసలు సంగతి ఎక్కడో అడుగున. అక్కడా అంతా 'వి'. వి చెక్డ్, వి ఫౌండ్, వి స్టాప్డ్.
"ఈ 'వి' ఎవరే?"
"నేనే."
"ఇంకా?"
"ఇంకెవరూ లేరు."
పంపు మూతల్లో వెంట్రుకంత పగులు పట్టుకుని, సరుకెక్కిన లారీని గేటు దగ్గర ఆపించింది ఇది ఒక్కతే. అందరూ బాగుందన్నాక, అనుమానమొచ్చి మళ్లీ చూసిందట. నాకూ ఇవాళే తెలిసింది. అవ్వకే చెప్పని పిల్ల మేనేజరుకేం చెబుతుంది...

జులై 10
మన తెలుగువాళ్లం అంతే. ఒక్కగానొక్క బిడ్డ కూడా 'మా అమ్మ' అంటుంది. మొన్న నాకు జ్వరమొస్తే ఇది సెలవడుగుతూ 'అవర్ గ్రాండ్‌మదర్' అని రాసిందట. మొత్తం ఎంతమందికి సెలవు కావాలని జవాబొచ్చింది. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది నాకు. అది నవ్వలేదు.
"ఊరికే నేను నేను అంటే పొగరనుకుంటారు అవ్వా. గొప్పలు చెప్పుకున్నట్ల ఉండాది."
"చేసిందే కదే చెప్తాండావు!"
నేనే గొంతు తగ్గించాను. అది పెరిగిన ఇల్లు ఇదే. ముందుకొచ్చి మాట్లాడితే ఏమని కసురుకునేవాళ్లమో గుర్తుంది.

జులై 11, శుక్రవారం
పగులు సంగతి మొదటి వాక్యంలోకి తెచ్చాం. కృతజ్ఞతలు ఒకటికి దించాం, దానికే బేరమాడింది. నేను 'ఐ' చెప్పడం, అది టైపు చేసి తుడిచేయడం... పూలమ్మే ఆమె గడపలో నిలబడి మా ఇద్దరినీ వింతగా చూసి పోయింది.
"లారీ ఆపేదానికి గేటు కాడుండే సురేశన్న సాయం చేసినాడు అవ్వా. అది పెట్టాల."
పెట్టమన్నాను. నిజమే కదా. ఆ వాక్యంతో మెయిల్ ఇంకా బాగుంది, ఒప్పుకోక తప్పలేదు.
"నువ్వు నొక్కు, నాకు చెయ్యి రావడం లే."
"మెయిల్ నీది. నేను నొక్కను."
నొక్కింది. నా భుజం మీద తల వాల్చింది. జుట్టులో మిషన్ ఆయిల్ వాసన. పసిపిల్లప్పుడు ఆముదం వాసన వచ్చేది.

జులై 12
జవాబు లేదు. ఫోను కంచం పక్కన పెట్టుకుని తింటోంది. ఎప్పుడూ తిట్టేదాన్ని. ఇవాళ తిట్టలేదు.

జులై 13, ఆదివారం
వచ్చింది. 'సోమవారం ఉదయం వచ్చి కలువు. మాట్లాడాలి.' అంతే. ఒక కృతజ్ఞత లేదు, ఒక సంకేతం లేదు. ఈ మేనేజరును కూర్చోబెట్టి మెయిల్ రాయడం నేర్పాలి.
"అవ్వా, ఇది మంచికా, చెడ్డకా?"
ఎన్నేళ్లు ఇంగ్లిష్ చెప్పాను... అటు తిప్పి, ఇటు తిప్పి చదివాను.
"తెలీడం లేదే."
"మంచికే అని ఒక అబద్ధం చెప్పకూడదా?"
చెప్పి ఉండాల్సింది. రేపటి చుడీదార్ ఇస్త్రీ చేస్తోంది. ఒకే స్లీవును ఇటు నుంచీ అటు నుంచీ రుద్దుతోంది... వెళ్లి ఇస్త్రీపెట్టె దాని చేతిలోంచి తీసుకోవాలి, గుడ్డ మాడేలా ఉంది.