మెట్ల మీద పెట్టిన నెపం

అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. అక్కడ నువ్వూ, నీ మోకాళ్ళూ క్షేమమని తలుస్తాను. ఫోన్ చేస్తే సగమే వినపడి, మిగతా సగం నువ్వే ఊహించుకుంటావు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. కళ్ళజోడు ముక్కు మీంచి జారుతోందని రాశావు. కాడలు కొంచెం లోపలికి వంచాలి. నువ్వు మాత్రం వంచకు, విరిగిపోతాయి. పోస్టులో పంపు, మా దుకాణంలో నేనే సరిచేసి పంపిస్తాను. కొత్త యజమాని మంచివాడే, సెలవు అడగనంత వరకు. ఇక పెళ్ళి ఊసు ఎత్తకు. నలభై దాటిన నన్ను చూడ్డానికి ఎవరైనా వచ్చారంటే ముందు నేనే వాళ్ళ కళ్ళు పరీక్ష చేయించాల్సి ఉంటుంది.

బుడంకాయ ఎలా ఉందన్నావు. ఏడేళ్ళు నిండాయి. పోయిన ఏడాది శిశు సంక్షేమ ఆఫీసు వాళ్ళు పెంచమని నా దగ్గర వదిలినప్పుడు నాలుగేళ్ళ పిల్లలా ఉండేది, అందుకే ఆ ముద్దుపేరు. ఇప్పుడు బుగ్గలొచ్చాయి, నోరూ వచ్చింది. ఎడమ చెయ్యి మాత్రం పూర్తిగా చాపలేదు. కన్నతండ్రి విరిచిన చెయ్యి అది, ఇంతకంటే బాగుపడదని డాక్టరు చెప్పేశాడు. నన్ను ఇంకా ‘కళ్ళజోళ్ళ ఆంటీ’ అనే పిలుస్తోంది. అమ్మా అని పిలిపించుకోవాలని లేదంటే అబద్ధమే. కానీ తొందరపెట్టను.

“మొక్కై వంగనిది మానై వంగునా, పెంకితనం చేస్తే రెండు తగిలించు” అని రాశావు. పోయిన వారం జరిగింది చెబుతాను. దాని చేతిలోంచి గాజుగిన్నె జారి ముక్కలైంది. నేను చీపురు కోసం లేచేలోగా వంటింట్లోకి వెళ్ళి గరిటె తెచ్చి నా చేతిలో పెట్టి, అటు తిరిగి నిలబడింది. ఏడవలేదు.

“ఎన్ని?” అని అడిగింది.

గరిటె కింద పెట్టేశాను. “ఈ ఇంట్లో కొట్టడాలు లేవే” అన్నాను. నమ్మలేదు.

“మీ అమ్మ నిన్ను కొట్టలేదా?”

“కొట్టింది.”

“నువ్వే తెచ్చిచ్చేదానివా?”

“లేదు, మంచం కింద దాక్కునేదాన్ని.”

“దొరికేదానివా?”

“దొరికేదాన్ని.”

“మంచం కింద దాక్కుంటే ఎవరైనా దొరుకుతారు” అంది, నా తెలివికి జాలిపడుతూ. ఇద్దరం నవ్వాం. ఆ తరవాత గాజుముక్కలు ఏరుతుంటే నాకు ఏడుపొచ్చింది.

అమ్మా, అసలు సంగతికి వస్తాను. ఎప్పుడు రమ్మంటావని ప్రతి ఉత్తరంలోనూ అడుగుతున్నావు. మాది మూడో అంతస్తు, ఈ మెట్లు నీ మోకాళ్ళకు పడవని దాటేస్తూ వచ్చాను. కింద ఇల్లు చూడమన్నావు. ఇప్పుడేమో ఉన్న గది ఖాళీ చేసి వచ్చేస్తానంటున్నావు. ఇక దాటేస్తే నిన్ను నడివీధిలో నిలబెట్టినదాన్నవుతాను.

బుడంకాయను దత్తత తీసుకుంటానని దరఖాస్తు పెట్టాను కదా, ఆఫీసు నుంచి ఒకావిడ విచారణకు వచ్చింది. ఇంట్లో ఇంకెవరుంటారని అడిగితే, మా అమ్మ వస్తుందన్నాను. “ఆవిడ మిమ్మల్ని ఎలా పెంచారు?” అంది. గారాబంగా అని చెప్పబోయాను. నోటికి నిజమే వచ్చింది. నాన్న పోయాక నీ కోపానికి దొరికింది నేనొక్కదాన్నేనని, వీపు వాచి బడికి వెళ్ళలేని రోజులున్నాయని చెప్పాను. నాకు జ్వరమొస్తే నువ్వు కన్ను మూసేదానివి కాదని కూడా చెప్పాను. ఆవిడ రెండూ రాసుకుంది.

వాళ్ళు ఒప్పుకోలేదమ్మా అని రాసేస్తే నీకూ నాకూ తేలిగ్గా ఉండేది. కానీ ఆవిడ అలా అనలేదు. “దీనివల్ల మీ దత్తత ఆగదు. మీ అమ్మగారు ఇక్కడ ఉండాలా వద్దా, మీరే చెప్పండి” అంది.

వద్దన్నాను. ఆ మాట నాదే.

నీ మీద పగతో అన్నది కాదు. ఒంటరిగా ఆడపిల్లను సాకుతూ నువ్వెంత నలిగిపోయావో ఈ ఏడాదిలో నాకు బాగా తెలిసొచ్చింది. ఈ ఊళ్ళో నాకు జ్వరమొస్తే తలుపు తట్టేవాళ్ళు లేరు. తిన్నావా అని అడిగే గొంతు వినాలని ప్రాణం కొట్టుకుంటుంది, అది నీ గొంతే అయినా సరే. కానీ రెండు తగిలించమన్న నీ అక్షరాలు చదివినప్పుడు, ఈ వయసులో కూడా నా వీపు బిగుసుకుంది. నేను దుకాణంలో ఉన్నప్పుడు ఈ పిల్లను నీ దగ్గర వదిలి నిశ్చింతగా ఉండలేను. గది ఖాళీ చేయకు. నీకు కోపమొస్తుంది, నన్ను నాలుగు తిడుతూ రాయి. రాయడం మాత్రం మానేయకు.

నిన్న జడ వేస్తుంటే బుడంకాయ అడిగింది, “కాగితాలొచ్చి నువ్వు అమ్మవైపోతే మీ అమ్మ నాకేమవుతుంది?” అని.

“అమ్మమ్మ” అన్నాను.

“కొడుతుందా?”

అమ్మమ్మనే అడిగి చెబుతానన్నాను. ఈ ఒక్కదానికి జవాబు నాకు కాదు, దానికే రాయి. అక్షరాలు పెద్దవిగా రాయి, ఇప్పుడిప్పుడే కూడబలుక్కుని చదువుతోంది.

ఇట్లు,
నీ ఒక్కగానొక్క కూతురు